‘సైన్’ అనే మాట – పొరపాటు కథలో పస ఎంత?

త్రికోణమితి చదివిన ప్రతి విద్యార్థికీ ‘సైన్’ అనే మాట పరిచితమే. ఆ మాట ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న మాత్రం పాఠం చెప్పేవారికి గాని, వినేవారికి గాని సాధారణంగా తట్టదు. ఎవరైనా ఆసక్తితో గణిత చరిత్ర పుస్తకాలు తిరగేస్తే వారికి చాలావరకు ఒకే కథ ఎదురవుతుంది. భారతీయులు ‘జ్యా’ లేక ‘జీవా’ అన్నారట. అరబ్బులు దాని అర్థం తెలియక ‘జీబా’ అని ఉన్నదున్నట్లు రాసుకున్నారట. పన్నెండవ శతాబ్దంలో ఒక లాటిన్ అనువాదకుడు ఆ అక్షరాలను ‘జైబ్’ అని తప్పుగా చదివి, ‘సినుస్’ అని తర్జుమా చేశాడట. అదే కాలక్రమాన ఇంగ్లీషులో ‘సైన్’ అయిందట. చివరకు, ఇది పొరపాటున పుట్టిన మాట అని తీర్పు చెప్పి రచయిత ముందుకు సాగిపోతాడు.

కథ చిన్నది, వినసొంపైనది. అందుకే ఒక పుస్తకం నుంచి మరొక పుస్తకంలోకి తేలికగా ఎక్కింది. కాని ఈ కథలో ఉన్న పాత్రలను ఒక్కసారి గమనించవలసి ఉంది. ఇందులో భారతీయుడు కనిపెట్టేవాడు. అరబ్బు అర్థం తెలియకుండా మోసుకుపోయేవాడు. లాటిన్ పండితుడు తప్పు చదివేవాడు. అంటే సుమారు నాలుగు వందల సంవత్సరాల పాటు బగ్దాదు, రయ్, ఘజ్నీ, కార్డోబా నగరాలలో ఈ విద్యను సాధన చేసిన ఇస్లామీయ నాగరికతకు ఇక్కడ మిగిలేది చేరవేసిన కూలివాని స్థానం మాత్రమే. ఒక్క మాట చరిత్రలో ఇంత పెద్ద తీర్పు ఇమిడి ఉన్నప్పుడు, ఆ చరిత్రను వివరంగా పరిశీలించడం అవసరం.

లాటిన్ మాట

ముందుగా ‘సినుస్’ అనే లాటిన్ మాట సంగతి. ప్రాచీన రోమన్ల భాషలో దీని మూలార్థం వంపు, మడత. రోమన్లు ధరించే పైవస్త్రం రొమ్ము మీద మడతపడి సంచిలాగా ఏర్పడే భాగాన్ని ‘సినుస్’ అనేవారు. దాని నుంచి రొమ్ము, ఒడి అనే అర్థాలు వచ్చాయి. తీరం లోపలికి వంగి సముద్రానికి చోటిచ్చే ప్రదేశానికి, అంటే అఖాతానికి కూడా ఇదే పేరు. పూర్వపు లాటిన్ పటాలలో బంగాళాఖాతం ‘సినుస్ గాంగెటికుస్’ అనే పేరుతో కనిపిస్తుంది. అంటే గంగా అఖాతమని అర్థం.

ఇంగ్లీషు భాష ఈ మాటను పలు మార్గాలలో తీసుకున్నది. జలుబు ముదిరి ముఖం బరువెక్కినప్పుడు వైద్యుడు చెప్పే ‘సైనస్’ ఈ మాటే. ముక్కు పక్క ఎముకలలో ఉండే గుల్ల చోట్లకు అది పేరు. సూటిగా చెప్పకుండా వంకరటింకరగా ఒక ఆరోపణను ఎదుటివారి మనస్సులోకి ఎక్కించడాన్ని సూచించే ‘ఇన్‌సిన్యుయేట్’ అనే క్రియ కూడా ఈ వేరు నుంచి మొలిచినదే. ఇన్ని అర్థాలున్నా, ప్రాచీన లాటిన్‌లో గణితానికి సంబంధించిన అర్థం ఒక్కటీ లేదు. కాబట్టి ‘సైన్’ లాటిన్ వేరు గల మాట అని నిఘంటువు చెప్పేది నిజమే అయినా, ఆ నిజం సగమే. మాట శరీరం లాటిన్‌ది. అందులోని గణితార్థం బయటి నుంచి వచ్చింది.

వింటినారి, అందులో సగం

ఆ అర్థం ఎక్కడిదో తెలియాలంటే ఒక వృత్తాన్ని ఊహించుకోవాలి. దాని అంచులో ఒక ముక్కను తీసుకుంటే అది విల్లులాగా ఉంటుంది. దానినే ‘చాపం’ అంటారు. సంస్కృతంలో చాపమంటే విల్లే. ఆ విల్లు రెండు కొసలను కలుపుతూ గీచిన సరళరేఖ వింటినారి. దానికి సంస్కృతంలో ‘జ్యా’ అనీ, ‘జీవా’ అనీ పేర్లు. నారి మధ్య నుంచి విల్లు మధ్యకు గీచిన గీత బాణం, అంటే ‘శరం’. ఖగోళాన్ని లెక్కించిన భారతీయ పండితులు ఈ మూడు మాటలతో ఒక పూర్తి చిత్రాన్ని గీశారు.

గ్రీకులు అంతకు ముందే ఇటువంటి గీతలతో లెక్కలు వేశారు. క్రీస్తు శకం రెండవ శతాబ్దానికి చెందిన టాలెమీ, 60 భాగాల వ్యాసార్థం గల వృత్తంలో అర డిగ్రీకొకటి చొప్పున పూర్తి జ్యాల పట్టిక తయారు చేశాడు. అయితే పూర్తి జ్యాతో లెక్క వేసేవారికి ఒక చిక్కు ఉంది. లంబకోణ త్రిభుజంలో వారికి కావలసింది సాధారణంగా సగం జ్యా మాత్రమే. అందువల్ల ప్రతిసారీ కోణాన్ని రెట్టింపు చేసి, పట్టికలో జ్యాను చూసి, దాన్ని మళ్లీ సగం చేయాలి.

భారతీయులు ఈ చిక్కును తొలగించారు. పూర్తి నారిని వదలి సగం నారికే పట్టిక వేశారు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 3 డిగ్రీల 45 కళలకు ఒకటి చొప్పున 24 విలువలకు ఆధారం ఉంది. అక్కడ వ్యాసార్థం 3438. మొదటి విలువ 225. ముప్పై డిగ్రీల వద్ద విలువ 1719, అంటే వ్యాసార్థంలో సరిగ్గా సగం. ఈ సగం నారికి అసలు పేరు ‘అర్ధజ్యా’. కాని పూర్తి నారితో పని లేకపోవడం వల్ల వాడుకలో ‘అర్ధ’ రాలిపోయి, సగానికే ‘జ్యా’ అనే పేరు స్థిరపడింది. అంటే ఈ మాట అరబ్బుల చెంతకు చేరక మునుపే, తన స్వస్థలంలోనే ఒకసారి అర్థం మార్చుకున్నది. సగాన్ని మొత్తం పేరుతో పిలవడాన్ని పొరపాటు అని ఎవరూ అనలేదు. వాడుక అన్నారు. ఈ విషయాన్ని గుర్తుంచుకోవడం ముందు ముందు అవసరమవుతుంది.

బగ్దాదులో ఏమి జరిగింది?

అబ్బాసీ ఖలీఫా అల్ మన్సూర్ 762లో బగ్దాదు నగర నిర్మాణాన్ని ప్రారంభించాడు. ఆ తర్వాత పదేళ్లకు అటు ఇటుగా, హిజ్రీ 154లో అని కొందరు, 156లో అని కొందరు చెప్పే సంవత్సరంలో, అంటే క్రీ.శ. 771 లేక 773లో, సింధు ప్రాంతం నుంచి వచ్చిన రాయబార బృందంతో పాటు ఒక భారతీయ ఖగోళ పండితుడు ఆ కొలువుకు చేరాడు. ఆయన వెంట వచ్చిన సిద్ధాంత గ్రంథాన్ని ఆధారం చేసుకొని అల్ ఫజారీ అరబ్బీలో గ్రంథరచన చేశాడు. అరబ్బీలో ‘సింద్‌హింద్’ అని పేరుపడ్డ సంప్రదాయానికి ఇదే ఆరంభం. బ్రహ్మగుప్తుని 628 నాటి సిద్ధాంతానికి ఈ సంప్రదాయంతో దగ్గరి సంబంధం ఉంది.

ఈ సందర్భంలోనే ‘జీవా’ అనే సంస్కృత శబ్దం అరబ్బీ లిపిలోకి ప్రవేశించింది. అరబ్బీలో ‘వ’ ధ్వనికి అక్షరం ఉన్నా, ఈ మాటలో ‘బ’ వచ్చి చేరింది. జీమ్, యా, బా అనే మూడు అక్షరాలుగా మాట నిలిచింది. పొరపాటు కథ చెప్పేవారు ఇక్కడే మొదటి ఆక్షేపణ చేస్తారు. అరబ్బులకు అర్థం తెలియలేదు గనుకనే అనువదించక శబ్దాన్ని మాత్రం రాసుకున్నారని వారి వాదన.

ఈ వాదన నిలవదు. ‘చాపం’ అనే మాటకు అరబ్బులు ‘ఖౌస్’ అన్నారు. ఖౌస్ అంటే విల్లు. ‘శరం’ అనే మాటకు ‘సహ్మ్’ అన్నారు. సహ్మ్ అంటే బాణం. విల్లూ, బాణమూ ఏమిటో తెలిసి, వాటిని తమ భాషలోని మాటలతోనే పిలిచినవారికి, మధ్యనున్న నారి ఏమిటో తెలియలేదనడం హాస్యాస్పదం. అరబ్బీలో వింటినారికి ‘వతర్’ అనే చక్కని మాట కూడా ఉంది.

మరి ఆ మాటను ఎందుకు వాడలేదు? నిజానికి వాడారు. అయితే వేరొక చోట వాడారు. తొమ్మిదవ శతాబ్దం మొదటి భాగంలో టాలెమీ మహాగ్రంథం ‘అల్ మజస్తీ’ అనే పేరుతో అరబ్బీలోకి వచ్చింది. అల్ హజ్జాజ్ చేసిన అనువాదం 827–28 నాటిది. దానితో గ్రీకుల పూర్తి జ్యా, భారతీయుల సగం జ్యా ఒకే బల్ల మీద పక్కపక్కన చేరాయి. పూర్తిదానికి ‘వతర్’, సగానికి ‘జైబ్’ అనే పేర్లు స్థిరపడ్డాయి. రెండు వేర్వేరు వస్తువులకు రెండు వేర్వేరు పేర్లు ఉండటం శాస్త్రానికి ఎంత ఉపయోగమో చెప్పనవసరం లేదు. దీనికి తిరుగులేని సాక్ష్యం సమర్ఖండులో పనిచేసి 1429లో మరణించిన అల్ కాషీ గ్రంథం పేరులోనే ఉంది. ఆ గ్రంథం పేరు ‘రిసాలతుల్ వతర్ వల్ జైబ్’, అంటే జ్యా, అర్ధజ్యాల గురించిన గ్రంథం. మొదట శబ్దాన్ని రాసుకున్నప్పటి కారణం ఏదైనప్పటికీ, ఆ మాటను ఇన్ని శతాబ్దాలు నిలుపుకోవడంలో అజ్ఞానం లేదు, అవసరం ఉంది.

జేరా, జబరా?

రెండవ ఆక్షేపణ చదువుటకు సంబంధించింది. అరబ్బీలో హ్రస్వ స్వరాలను సాధారణంగా రాయరు. జీమ్, యా, బా అనే మూడు అక్షరాలలో జీమ్ కింద జేర్ పెట్టుకుంటే అది ‘జీబ్’ అవుతుంది. పైన జబర్ పెట్టుకుంటే ‘జైబ్’ అవుతుంది. మొదటిదానికి అరబ్బీలో అర్థం లేదు. రెండవది అరబ్బులకు అతి సన్నిహితమైన మాట. చొక్కాకు మెడ వద్ద ఉండే చీలిక, రొమ్ముపై వస్త్రభాగం, తీరం లోపలికి చొచ్చుకున్న చోటు – ఇవన్నీ జైబే.

ఈ మాట దివ్య ఖుర్ఆన్ చదివేవారికి కొత్తది కాదు. అన్నమ్ల్ సూరా 12వ ఆయత్‌లోనూ, అల్ ఖసస్ సూరా 32వ ఆయత్‌లోనూ హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన చేతిని చొప్పించవలసిన చోటును తెలిపేది ఈ మాటే. అన్నూర్ సూరా 31వ ఆయత్‌లో స్త్రీల పైట విషయంలో వచ్చే ‘జుయూబ్’ ఈ మాటకే బహువచనం. చిన్ననాటి నుంచి ఈ ఆయత్‌లను పారాయణం చేసిన పండితుని కంట ఈ మూడు అక్షరాలు పడితే, అతని నోట ‘జైబ్’ అనే రావడం సహజం.

అలా వచ్చిందనడానికి గణిత గ్రంథాలలోనే ఆధారం ఉంది. ఒకటి కంటే ఎక్కువ సైన్‌లను పేర్కొనవలసి వచ్చినప్పుడు అరబ్బీ గణితవేత్తలు ‘జుయూబ్’ అనే బహువచనాన్ని వాడారు. ‘జైబ్’ అనే అరబ్బీ నామవాచకానికి వ్యాకరణం ప్రకారం ఏర్పడే బహువచనం అదే. పరాయి శబ్దాన్ని పరాయిగానే ఉంచుకున్నవారు దానికి ఇటువంటి బహువచనం కట్టరు. అంటే లాటిన్ అనువాదకుడు పుట్టక మునుపే, ఈ మాట అరబ్బుల నోట అరబ్బీ మాటగా మారిపోయింది.

ఇక్కడ మరొక విషయం గమనార్హం. మాట ఇలా మారినంత మాత్రాన దాని పుట్టుక మరుగున పడలేదు. 1030 ప్రాంతంలో భారతదేశంపై మహాగ్రంథం రచించిన అల్ బీరూనీ, సంస్కృత సిద్ధాంతాలను పండితుల వద్ద స్వయంగా విచారించినవాడు. ఈ గణిత పదం హిందువుల భాష నుంచి వచ్చినదనీ, వారు సగం నారినే వాడుతూ దానికి మొత్తం నారి పేరు పెట్టుకున్నారనీ ఆయన ఎరుగును, వివరించాడు కూడా. కాబట్టి ‘అర్థం తెలియని అరబ్బు’ అనే పాత్ర చరిత్రలో కనిపించదు. పుస్తకాల కథలోనే కనిపిస్తుంది.

టొలేడోలో తప్పు జరిగిందా?

1085లో టొలేడో నగరం క్రైస్తవ రాజుల వశమయిన తర్వాత, స్పెయిన్‌లోని అరబ్బీ గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చే పని పెద్ద ఎత్తున సాగింది. దీనికి ముందే కార్డోబాకు చెందిన మస్లమా అల్ మజ్రీతీ, అల్ ఖ్వారిజ్మీ ఖగోళ పట్టికలను సవరించి పెట్టాడు. బాత్ నగరపు అడెలార్డ్ 1126లో వాటిని లాటిన్‌లోకి అనువదించాడు. అల్ ఖ్వారిజ్మీ పట్టికల అరబ్బీ మూలం నేడు లభ్యం కాదు. వాటిని లోకం తెలుసుకోగలిగింది ముఖ్యంగా ఆ లాటిన్ అనువాదం వల్లనే.

‘సినుస్’ అనే మాటను మొదట వాడినవాడు ఎవరు? కొన్ని పుస్తకాలు చెస్టర్‌కు చెందిన రాబర్ట్ అంటాయి. మరికొన్ని, 1187లో మరణించిన క్రెమోనా వాసి గెరార్డ్ అంటాయి. తప్పు జరిగిందని ఇంత ధీమాగా చెప్పేవారు, తప్పు చేసినవాడెవరో ఏకాభిప్రాయానికి రాలేకపోవడం విచిత్రం. అయితే అసలు ప్రశ్న వ్యక్తి గురించినది కాదు. ఆయన ఎవరైనప్పటికీ, ఆయన ముందున్న మాట ఏది? అరబ్బీ పండితులు తరతరాలుగా ‘జైబ్’ అని పలుకుతున్న మాట. దానికి ‘జుయూబ్’ అని బహువచనం కడుతున్న మాట. దానికి అరబ్బీ నిఘంటువు ఇచ్చే అర్థం రొమ్ముపై వస్త్రపు చీలిక, మడత, అఖాతం. లాటిన్‌లో ‘సినుస్’ అర్థం రొమ్ముపై వస్త్రపు మడత, ఒడి, అఖాతం. ఒక భాషలోని మాట అర్థచ్ఛాయలు మరొక భాషలోని మాటతో ఇంతగా సరిపడటం అనువాదకులకు అరుదుగా దొరికే భాగ్యం. ఆ అనువాదకుడు తన ముందున్న దానిని శ్రద్ధగా, యథాతథంగా తర్జుమా చేశాడు. పరీక్షలో ఆయనకు పూర్తి మార్కులు వేయవలసి ఉండగా, ఎనిమిది వందల ఏళ్లుగా సున్నా వేస్తున్నారు.

నష్టం ఏమీ జరగలేదా అంటే, ఒకటి జరిగింది. లాటిన్ జ్యామితిలో చాపానికి ‘ఆర్కుస్’ అనే పేరు, అంటే విల్లు. శరానికి ‘సగిట్టా’, అంటే బాణం. విల్లు, బాణం రెండూ సంస్కృతం నుంచి అరబ్బీకి, అరబ్బీ నుంచి లాటిన్‌కు చెక్కు చెదరకుండా చేరాయి. నారి మాత్రం దారిలో వస్త్రపు మడతగా మారింది. చిత్రంలో ఒక ముక్క మారిపోయింది. కాని లెక్క మారలేదు. ముప్పై డిగ్రీల సైన్ వ్యాసార్థంలో సగమేనని ఉజ్జయినిలో చెప్పినా, బగ్దాదులో చెప్పినా, టొలేడోలో చెప్పినా ఒకటే. శాస్త్రంలో మాటకు అర్థం దాని నిర్వచనం వల్ల కలుగుతుంది గాని, దాని పూర్వజన్మ వల్ల కాదు. సంస్కృతంలో సగం నారికి మొత్తం నారి పేరు పెట్టడం తప్పు కానప్పుడు, అరబ్బీలో దానికి వస్త్రపు మడత పేరు స్థిరపడటమూ తప్పు కాజాలదు. ఒకదానిని వాడుక అనీ, మరొకదానిని పొరపాటు అనీ వేరు చేసే తూకపు రాళ్లు సమానమైనవి కావు.

మోసినవారా, పెంచినవారా?

పొరపాటు కథ వెనుక ఒక పెద్ద అభిప్రాయం దాగి ఉన్నది. ముస్లిం పండితులు గ్రీకుల, భారతీయుల విద్యను భద్రపరచి ఐరోపాకు అందించారు, అంతే అన్నది ఆ అభిప్రాయం. ‘సైన్’ విషయంలో ఇది ఎంతవరకు నిజమో చూడటం కష్టం కాదు. ఆర్యభటుని నాటికి పట్టికలో 24 విలువలు. పదవ శతాబ్దంలో అబుల్ వఫా (940–998) 15 కళలకొకటి చొప్పున పట్టిక కట్టాడు. పదిహేనవ శతాబ్దంలో సమర్ఖండులో ఉలుఘ్ బేగ్ పర్యవేక్షణలో తయారైన పట్టికలలో ఒక్కొక్క కళకు ఒక్కొక్క విలువ ఉంది. తొంభై డిగ్రీలకు 5400 కళలు. ఇరవై నాలుగు నుంచి అక్కడికి చేరడం మోతపని కాదు.

ఆ పట్టికలకు ఆధారమైన ఒక డిగ్రీ సైన్ విలువను జ్యామితి నేరుగా ఇవ్వదు. అల్ కాషీ దానిని ఒక ఘన సమీకరణంగా మార్చి, మళ్లీ మళ్లీ సవరించుకుంటూ పోయే పద్ధతిలో సాధించాడు. ‘టాంజెంట్’ అని నేడు పిలిచే ప్రమాణాన్ని ముస్లిం పండితులు నిలువుకర్ర నీడ నుంచి గ్రహించి, ‘జిల్’ అంటే నీడ అని పిలిచి, దానికీ పట్టికలు కట్టారు. నసీరుద్దీన్ తూసీ (1201–1274) చతుర్భుజంపై రచించిన గ్రంథంలో త్రికోణమితిని ఖగోళశాస్త్రం చాటు నుంచి బయటికి తెచ్చి, స్వతంత్ర శాస్త్రంగా నిలిపాడు. నమాజు వేళల నిర్ణయం, దూరదేశాల నుంచి ఖిబ్లా దిక్కును కనుగొనడం వంటి నిత్యావసరాలు ఈ కృషికి ఊతమిచ్చాయి. గోళాకారమైన భూమి మీద ఒక పట్టణం నుంచి మక్కా దిక్కును లెక్కించడానికి సైన్ ఎంతో ఉపయోగపడుతుంది.

ఐరోపా ఆ తర్వాత తన వంతు చేసింది. రెజియోమొంటానుస్ (1436–1476) త్రిభుజాలపై రాసిన లాటిన్ గ్రంథం 1533లో అచ్చయింది. ఇంగ్లీషులో ‘సైన్’ అనే రూపం 1593 నాటికి అచ్చులో కనిపిస్తుంది. 1620లో ఎడ్మండ్ గంటర్ ‘కో-సినుస్’ అనే మాటను ప్రవేశపెట్టాడు. పూరక కోణపు సైన్ అని దాని భావం. అరబ్బులు దానిని అప్పటికే ‘జైబుత్తమామ్’ అని పిలుస్తూ ఉన్నారు. భావం అదే, భాష వేరు.

గొప్పలు చెప్పుకునేవారి సంగతి

ఒక పక్షాన్ని మాత్రమే విమర్శించి ఊరుకుంటే న్యాయం కాదు. త్రికోణమితి అంతా ముస్లింలే సృష్టించారని ఉపన్యాసాలలోనూ, చిన్న పుస్తకాలలోనూ చెప్పేవారు ఉన్నారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. యువకులలో ఆత్మవిశ్వాసం కలిగించాలన్నది వారి ఆశ. కాని ‘జైబ్’ అనే మాటే వారికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. ఆ మాట కింద సంస్కృతపు ‘జీవా’ చెరగకుండా ఉంది. దానిని దాచి గొప్ప చెప్పుకోవడమంటే అల్ బీరూనీ వంటివారు దాచనిదానిని దాచడమే. ఆయన పరాయి జాతి విద్యను వర్ణించినప్పుడు, మెచ్చదగినదానిని మెచ్చి, ఖండించదగినదానిని ఖండించాడు. ఎవరి సొత్తును వారి పేరుతోనే చెప్పాడు. విద్యలో అమానత్ అంటే అదే.

అంతా భారతదేశం నుంచే వెళ్లింది, మిగిలినవారు పేరు కూడా సరిగా పలకలేకపోయారు అనేవారికి కూడా ఇదే సమాధానం. ఆర్యభటునికి ముందే గ్రీకులు పూర్తి జ్యాల పట్టికలు కట్టారు. గ్రీకు ఖగోళ విద్య భారతదేశానికి చేరిన జాడలను చరిత్రకారులు గుర్తించారు. సగం జ్యాను ఎంచుకోవడం భారతీయుల ప్రజ్ఞ. దానిని తక్కువ చేయనవసరం లేదు. అయితే ఆ ప్రజ్ఞ కూడా ఒకరి నుంచి అందుకున్న దాని మీదనే పనిచేసింది. ఐరోపా తానే అంతా చేసిందని చెప్పేవారి విషయంలో ‘సినుస్’ అనే మాటకు ప్రాచీన లాటిన్‌లో గణితార్థం లేకపోవడమే చాలినంత జవాబు. ఆ మాట ఏ ఒక్క జాతి గర్వానికీ పూర్తి మద్దతు ఇవ్వదు.

తెలుగు విద్యార్థికి దగ్గరి మాట

ఈ చర్చ తెలుగు పాఠకునికి దూరమైనది కాదు. తెలుగు మాధ్యమపు గణిత పుస్తకంలో వృత్తాల పాఠం తెరిస్తే ‘జ్యా’ కనిపిస్తుంది. అక్కడ దాని అర్థం పూర్తి నారి. కొన్ని పుటల తర్వాత త్రికోణమితి పాఠంలో ‘సైన్’ కనిపిస్తుంది. ఒకే మాట రెండు రూపాలలో ఒకే పుస్తకంలో ఉన్నదనీ, మొదటిది ఇంట్లోనే ఉండిపోయిన మాట, రెండవది దేశాలు తిరిగి వచ్చిన మాట అనీ విద్యార్థికి తెలియదు. ఇంతకంటే వింత మరొకటి ఉంది. తెలుగువారు నిత్యం వాడే ‘జేబు’ ఆ అరబ్బీ ‘జైబే’. రొమ్ముపై వస్త్రపు చీలికలో వస్తువులు దాచుకునే అలవాటు వల్ల ఆ మాటకు సంచి అనే అర్థం వచ్చింది. ఫారసీ, ఉర్దూ భాషల మీదుగా అది తెలుగు నేలకు చేరింది. చొక్కా జేబులో పెన్ను పెట్టుకొని బల్ల మీద సైన్ విలువలు రాసే కుర్రవాడు, రెండు చోట్లా ఒకే మాటను మోస్తున్నాడు.

హైదరాబాదులో ఈ సంబంధం ఒకప్పుడు మరింత స్పష్టంగా ఉండేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో శాస్త్రాలన్నీ ఉర్దూలోనే బోధించారు. అందుకోసం దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ పనిచేసింది. ఉర్దూ గణిత పరిభాషలో సైన్‌కు ‘జైబ్’ అనే పేరే. 1948 తర్వాత అక్కడ బోధనా భాష మారింది. అయినా పాత ఉర్దూ గణిత పుస్తకాలలో ‘జైబ్’ నేటికీ చదవవచ్చు. దాని పక్కనే తెలుగు పుస్తకంలోని ‘జ్యా’ను పెట్టి చూపితే, ముస్లిం బాలునికి గాని, హిందూ బాలునికి గాని ఎవరి పూర్వుల పట్లా చిన్నచూపు కలగదు.

పొరపాటు కథలోని దోషం అది వినోదం కలిగించడం కాదు. ప్రతి చేతిలోనూ ఒక విద్య పెరిగిన తీరును మరుగుపరచి, ఆ చేతులన్నీ తడబడ్డాయని నమ్మించడమే దాని దోషం. పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారు త్రికోణమితి పాఠం మొదట నాలుగు వాక్యాలు చేర్చితే చాలు. భారతీయులు సగం నారిని ఎంచుకొని జ్యా అన్నారు. అరబ్బీ పండితులు దానిని జైబ్ పేరుతో స్వీకరించి, వేల విలువల పట్టికలుగా విస్తరించారు. లాటిన్ అనువాదకులు ఆ పేరును యథార్థంగా సినుస్ అని తర్జుమా చేశారు. ఇంగ్లీషువారు దానిని సైన్ అన్నారు. ఈ నాలుగు వాక్యాలలో ఎవరికీ అన్యాయం లేదు. వాటిని చదివిన విద్యార్థికి లెక్కతో పాటు, తీసుకున్నదానికి కృతజ్ఞత చెప్పే మర్యాద కూడా అలవడుతుంది.